ఖాడీ అవతలి గుట్ట

నేను నా జన్మలో ఎక్కిన గుట్ట ఒక్కటే. అది కూడా ఎక్కవలసిన రోజున ఎక్కలేదు. ఎక్కవలసిన మనిషిని వెంటబెట్టుకుని దాని ఎదురుగా నిలబడి, నా నోటి దురుసుతో వెనక్కి తిప్పుకొచ్చాను. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. రాస్తే గుండె బరువు తగ్గుతుందని ఎవరో అంటే నమ్మి రాయడం లేదు. తగ్గదని తెలిశాకే రాస్తున్నాను.

ఎనభైల చివరి మాట. షోలాపూర్‌లో దాజీ పేట్‌లో ఉండేవాళ్ళం. ముందు గదిలో నా మగ్గం, వెనక గదిలో పొయ్యి, నడుమ గడప దగ్గర నా భార్య బీడీల చాట. పేటంతా అప్పటికే పవర్‌లూములు వచ్చి చప్పుడుతో చెవులు చిల్లులు పడుతుండేవి. మేము మాత్రం చేతిమగ్గం వదల్లేదు. మా తాత తెలంగాణ నుంచి బతకడానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న పట్టింపులు కూడా ఆ మగ్గంతో పాటే మాకు దక్కాయి. అమావాస్య నాడు నాడె, అంటే నూలు పోగును అటూ ఇటూ తోసే కొయ్య, ముట్టకూడదన్నది అందులో పెద్ద పట్టింపు. మాకు ఆదివారం లేదు, జాతర లేదు. అమావాస్య ఒక్కటే సెలవు. సంబంధం చూడ్డానికి పోవాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా అమావాస్యకే. మిగతా రోజుల్లో మగ్గం దిగితే మా నాయనకు ప్రాణం మీదికి వచ్చేది. ఆయన పోయాక ఆ రోగం నాకు అంటుకుంది.

ఇక మా మామ సంగతి. మామ అంటే నా భార్య తండ్రి. నేను ఆ ఇంటి అల్లుణ్ణి కాకముందే పోయాడు. మనిషిని నేను చూడలేదు, కథ మాత్రం నూరుసార్లు విన్నాను. ఒక కరువు ఏడాది నూలు దొరక్క మగ్గాలన్నీ పడుకున్నాయట. ఆయన కూలీలను కుదిర్చే ముకద్దం ఎవరి వెంటో కూలికి పోయాడు. ఎటు పోయాడో ఇంట్లో చెప్పలేదు. ఎనిమిది నెలలు జాడ లేదు. తిరిగొచ్చినప్పుడు చేతులు రాళ్ళకు కోసుకుపోయి ఉన్నాయి, ఒళ్ళు నల్లగా మాడిపోయి ఉంది. కొంకణంలో, సముద్రం ఒడ్డున ఒక గుట్ట ఉందని, దాని కొసన ఉన్న దేవి గుడికి మెట్లు కట్టడానికి పోయానని చెప్పాడు. మా అత్త నమ్మలేదు. పేటలో ఎవరూ నమ్మలేదు.

"మగ్గం మీద కూసున్నోడు రాళ్ళు మోసిండట! ఎవలకు చెప్తడు ఖోటా మాటలు? అక్కడ ఎవతెనో పెట్టుకున్నడు, అది తరిమింది, మల్ల ఇల్లు యాదికొచ్చింది" అనేది అత్త, ఆయన పోయి పదిహేనేళ్ళు దాటినా.

ఆయన ఫొటో ఒక్కటుండేది. దాన్ని గోడకు పెట్టనివ్వలేదు. ట్రంకు పెట్టె అడుగున చీరల కింద బోర్లా పడేసింది. పెద్దల అమావాస్యకు అందరి పేరా బియ్యం ఇచ్చేది, ఆయన పేరు మాత్రం ఎత్తేది కాదు. అత్త చెడ్డ మనిషి కాదు. ఎనిమిది నెలలు పిల్లల్ని పస్తులు పెట్టి, పేటలో నలుగురి నోళ్ళలో నాని బతికిన మనిషి. ఆమె కోపం ఆమెది.

నమ్మింది నా భార్య ఒక్కతే. తండ్రి వచ్చాక బతికిన రెండేళ్ళూ ఆ గుట్ట గురించి ఎనిమిదేళ్ళ ఈ పిల్లకే చెప్పాడట. అమ్మ వినదు, కొడుకులు నవ్వుతారు, మరి ఎవరికి చెప్పుకుంటాడు? ఈమె తునికాకు కత్తిరిస్తూ ఆ దారిని ఎక్కాల్లాగా ఒప్పజెప్పేది.

"బస్టాండు దిగి పొద్దు కుంకే దిక్కు నడువాలె. టెంకాయ తోటలు దాటంగనే ఖాడీ వస్తది. ఖాడీ అంటే సముద్రం ఊరి లోపలికి జొర్రిన నీళ్ళు. దాంట్లకెల్లి రాళ్ళ బాట ఉన్నది, దాని మీదికెల్లి నడిచి అవతలికి పోవాలె. అవతల అంత ఎర్ర రాయి. మొదట జీడిమామిడి చెట్లు, తర్వాత ఎండ పొడ పడని అడవి, దాని మీద బోడి బండ. మెట్లు బండ కాడ మొదలైతయి. కొసకు పోతే మూడు దిక్కుల సముద్రం, నాలుగో దిక్కు ఘాట్ కొండలు. మీదికెల్లి ఏడో మెట్టు మీద మా నాయన నాడె బొమ్మ చెక్కిండు."

"నాడె ఎందుకు చెక్కిండే?" అని నేను ఆటపట్టించేవాణ్ణి.

"మరి సాలోడు ఏం చెక్కుతడు, నాగలా?"

ఆ ఏడో మెట్టు చూడాలన్నది ఆమె కోరిక. నగ అడగలేదు, చీర అడగలేదు. పెళ్ళయిన పదేళ్ళలో అడిగింది అదొక్కటే. అడిగిన ప్రతిసారీ, వచ్చే అమావాస్యకు చూద్దాం అనేవాణ్ణి.

ఒక ఎండాకాలం మొదట్లో మా అత్తే ముందుకు తోసింది. ఆమె పెద్ద కొడుకు దగ్గర హోట్గి రోడ్ వైపు కాలనీలో ఉండేది. అప్పటికే ఆరోగ్యం సరిగా లేదు. ఒకరోజు మా ఇంటికొచ్చి గడపలో కూర్చుని, కూతుర్ని చూడకుండా నన్ను చూస్తూ అంది.

"అల్లుడా, దీన్ని ఒక్కపాలి తీస్కపోయి చూపెట్టు. ఆ బాట, ఆ మెట్టు ఉంటే వచ్చి నాకు చెప్పుండ్రి. ఆయన ఫొటో తీసి నా చేతుల్తోటి గోడకు పెడ్త. లేకుంటే ఇది ఇగ నోరు మూసుకోవాలె. నేను పోయేలోపల నాకు ఏదో ఒకటి తెల్వాలె గదా."

ఆ చివరి మాట వింటేనే, నమ్మాలని ఆమెకూ ఉందని నాకు అప్పుడే అర్థమై ఉండాలి. నేనేమో అమావాస్య ఎప్పుడొచ్చిందో గోడ మీది క్యాలెండర్‌లో చూస్తున్నాను.

నా భార్య పది రోజులు వంచిన తల ఎత్తకుండా రెండు దినాల బీడీలు ముందే చుట్టి పెట్టుకుంది. జొన్నరొట్టెలు, పల్లీ పొడి మూట కట్టింది. అమావాస్యకు ముందు రోజు సాయంత్రం బస్సెక్కి, మధ్యలో ఒకచోట బస్సు మారి, ఘాట్ దిగి, మర్నాడు పదకొండు గంటలకు ఆ ఊళ్ళో దిగాం. తిరుగు బస్సు రెండింటికి. అది పట్టుకుంటే తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం, పొద్దునే మగ్గం ఎక్కొచ్చు. అంతా లెక్క వేసుకుని వచ్చాననుకున్నాను.

ఆమె నాకంటే ముందు నడిచింది. తెలిసిన ఊరికి వచ్చినట్టు పడమరకు తిరిగింది. కొబ్బరి తోటలు వచ్చాయి. "చూసినవా!" అంది వెనక్కి తిరిగి. తోట దాటగానే ఉప్పు గాలి కొట్టింది. ఎదురుగా గుట్ట. సముద్రంలోకి మెడ చాచుకుని, కింద ఎరుపు, నడుమ ముదురు ఆకుపచ్చ, పైన బోడి నలుపు. కొసన చిన్న తెల్లటి గుడి.

"ఉన్నది! గుట్ట ఉన్నది!" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. పదేళ్ళలో ఆమె వీధిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

కానీ మాకూ గుట్టకూ మధ్య నీళ్ళు. ఇంతా అంతా కాదు, నిండా నీళ్ళు. కొబ్బరి చెట్ల వేళ్ళ దాకా వచ్చి తపతప కొడుతున్నాయి. బాట లేదు, రాయి లేదు. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగి పెట్టేసి ఉన్నాయి. దగ్గర్లో ఒక ముసలమ్మ చేపలు ఎండబెట్టుకుంటోంది. అవతలికి ఎట్లా పోవాలని మరాఠీలో అడిగాను.

"ఇప్పుడు కాదు, సాయంత్రం పోండి" అంది ఆమె.

"ఎందుకు?"

"ఇవాళ అమావాస్య కదా!" అని నవ్వి, తన చేపలు తిరగేసుకుంది. ఆ ఒక్క మాటతో అంతా చెప్పేసినట్టే నవ్వింది. మాకు అమావాస్య అంటే మగ్గానికి సెలవు. వాళ్ళకూ అట్లాంటి పట్టింపేదో ఉండి ఉంటుంది, మధ్యాహ్నం గుడికి పోరేమో అనుకున్నాను. ఇంకో మాట అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది? అడగలేదు. ఎండ మండుతోంది, నిద్ర లేదు, రెండింటి బస్సు నెత్తిన కూర్చుంది.

"నీళ్ళు వెనక్కి పోతయట, నాయన చెప్పేటోడు. జరసేపు కూసుందాం" అంది నా భార్య.

"నీళ్ళు ఎక్కడికి పోతయే? మన ఊరి చెరువు, కంబర్ తలావ్ నీళ్ళు ఎన్నడన్న పొద్దున ఉండి సాయంత్రం మాయమైనయా?"

"ఇది తలావ్ కాదు గదా అయ్యా."

"గప్ కూసో. సాయంత్రం దాకుంటే బస్సు ఎవడు ఆపుతడు?"

"రేపు పోదాం. ఒక్క దినమే గదా. మల్ల ఎప్పుడొస్తం?"

"రేపు మగ్గం ఎవలు ఎక్కుతరు? మీ నాయన లేచి వచ్చి ఎక్కుతడా?"

అంతటితో ఆగినా బాగుండేది. నా నోరు ఆగదు. "మీ అమ్మ చెప్పిందే ఖరే. గుట్ట ఉంటే ఏంది, గుట్టలు అన్ని ఊర్లల్ల ఉంటయి. బాట ఏది? చూపెట్టు! నీళ్ళ మీద నడిచిండా మీ నాయన? ఎవడో చెప్తె విని నీకు కథ అల్లిండు. నువ్వు ఇంత పెద్దగైనా దాన్నే పట్టుకుని ఏలాడుతున్నవు" అన్నాను. గట్టిగానే అన్నాను. ముసలమ్మ తలెత్తి చూసింది.

ఆమె ఏడవలేదు. నీళ్ళ అంచు దాకా నడిచింది. తర్వాత వంగి ఆ నీళ్ళు చేత్తో తాకి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, "నడు" అంది. బస్సులో రొట్టెల మూట విప్పలేదు. నేనూ విప్పమని అనలేదు.

రెండు రోజుల తర్వాత ఒక్కతే వాళ్ళమ్మ దగ్గరికి పోయి, దీపాల వేళకు వచ్చింది. "చెప్పినవా?" అన్నాను. "చెప్పిన" అంది. ఏం చెప్పావని నేను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదో, మగ్గం మీద పోగు తెగిందో, ఇప్పుడు ఏదని చెప్పను? ఆ మరుసటి ఏడు వానలకు ముందే అత్త పోయింది. ఫొటో పెట్టెలోనే ఉండిపోయింది. నా భార్య ఆ దారిని ఒప్పజెప్పడం మానేసింది. బీడీలు చుట్టేటప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దం నాకు హాయిగా ఉందని కూడా అనుకున్నాను, ఛీ.

తర్వాత ఐదారేళ్ళకు చేతిమగ్గం కూడు పెట్టడం మానేసింది. అశోక్ చౌక్ దగ్గర ఒక షెడ్డులో పవర్‌లూముకు కుదిరాను. అక్కడ అమావాస్య లేదు, పున్నమి లేదు, మిషన్ తిరుగుతూనే ఉండాలి. ఒక చలికాలం మా శేఠ్, కొంకణంలో ఒక దుకాణానికి చద్దర్ల మూటలు చేర్చి రమ్మని నన్ను పంపాడు. అదే ఊరు. బస్సు దిగి మూటలు అప్పజెప్పేసరికి పన్నెండు దాటింది. తిరుగు బస్సు ఇప్పుడు సాయంత్రం ఆరింటికి మారిందన్నారు. కాళ్ళు వాటంతట అవే పడమరకు తిరిగాయి.

తోట దాటి చూసి అక్కడే నిలబడిపోయాను. నీళ్ళు లేవు. బురద, నాచు, అటూ ఇటూ పరుగెత్తే ఎండ్రకాయలు, వాటి నడుమ ఒడ్డు నుంచి గుట్ట దాకా నల్లటి రాళ్ళ బాట. రెండెద్దుల బండి పోయేంత వెడల్పు. ఇద్దరు ఆడవాళ్ళు నెత్తిన కట్టెలతో కబుర్లు చెప్పుకుంటూ దాని మీద నడిచి వస్తున్నారు.

ఒడ్డున చాయ్ దుకాణం వాణ్ణి అడిగాను. ఆయన నన్ను చూసి జాలిపడ్డాడు. "అమావాస్యకు, పున్నమికి నట్ట మధ్యాహ్నం నీళ్ళు నిండుగా వస్తాయి. దారి పొద్దున, సాయంత్రం తేలుతుంది. ఇవాళ అష్టమి. అష్టమికి మధ్యాహ్నమే దారి. గుట్టకు పోయేవాళ్ళు తిథి చూసుకునే వస్తారు. మీ దగ్గర చూడరా?" అన్నాడు.

చూడకేం, చూస్తాం. చూసే పోయాం మేము! అమావాస్య, పున్నమిల దగ్గర తప్ప నెలలో ఏ మధ్యాహ్నం పోయినా ఎంతో కొంత దారి దొరికేదేమో. నీళ్ళు అన్నిటికంటే ఎత్తున ఉండే రోజునే ఏరి పట్టుకుని పోయాం, మగ్గానికి సెలవని. ఆటుపోట్లని బడిలో చదివాను కూడా. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోజు ఒడ్డున నిలబడితే ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు.

"నీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తాయి?" అని అడిగి నడిచాను. నాలుగున్నర లోపల వెనక్కి వచ్చెయ్యమన్నాడు.

ఖాడీ దాటడం పది నిమిషాలు కూడా పట్టలేదు. అవతల ఎర్ర రాయి. అక్కడివాళ్ళు జాంబ రాయి అంటారు. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలితే గట్టిపడుతుంది. జీడిమామిడి తోపులో బాట మెల్లగా ఎక్కింది. తోపు అయిపోగానే అడవి మొదలైంది. ఎండ పొడ పడదన్న మాట నిజం. వేళ్ళు పట్టుకుని ఎక్కవలసిన చోట్లు రెండున్నాయి. మగ్గం గుంతలో కాళ్ళాడించిన మనిషిని, నాకు కొండెక్కే కండలెక్కడివి? రొప్పుతూ, కూర్చుంటూ, లేస్తూ పోయాను. అడవి దాటగానే బోడి బండ. గాలి నన్ను ఒక అడుగు పక్కకు నెట్టింది. అక్కడ మొదలయ్యాయి మెట్లు. ఆమె చెప్పిన వరసలో ఒక్కటి తప్పలేదు.

కొసకు చేరాను. మూడు వైపులా సముద్రం. నాలుగో వైపు, దూరంగా, నీలంగా గోడ కట్టినట్టు ఘాట్. కింద ఖాడీ సముద్రంలో కలిసే చోటు, దాని మీద సన్నటి నల్లగీతగా నేను వచ్చిన బాట. గుడి తలుపు మూసి ఉంది. వెనక్కి తిరిగి పైనుంచి మెట్లు లెక్కపెట్టాను. ఏడో మెట్టు నిండా నాచు. గోటితో గీరాను, తువ్వాలుతో తుడిచాను. జానెడు పొడవున నాడె. రెండు కొసలు సన్నగా, నడుమ నూలు చుట్టిన కండె పట్టే గాడితో సహా. చేతి పనివాడు చెక్కిన గీత అది, వంకర లేదు.

ఆ మెట్టు మీదే కూర్చున్నాను. ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. చూడని మనిషిని, చచ్చిపోయిన మనిషిని, ఆయన బిడ్డ ముందు దొంగను చేశాను. ఒక్క పూట ఆగలేక. "తప్పయింది మామా" అని పైకే అన్నాను. ఎవరూ లేరు గనక ఏడ్చాను కూడా.

మర్నాడు ఇల్లు చేరేసరికి ఆమె చాట ముందు కూర్చుని ఉంది. అప్పటికే తంబాకు దుమ్ముకు ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుండేది. ఇంటి ముందరి నాలుగు మెట్లు ఎక్కడానికే రెండుసార్లు ఆగేది. చెప్పులు విడవకుండా అంతా చెప్పేశాను. బాట, అష్టమి, అడవి, నాడె. సముద్రం నీళ్ళు అమావాస్యకు ఎందుకట్లా వస్తాయో కూడా, చాయ్‌వాలా చెప్పినదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె చేతిలోని బీడీ చుట్టడం ఆపలేదు.

"నాడెకు గాడి ఉన్నదా?" అంది.

"ఉన్నది."

"నాయన చెప్పిండు, గాడి చెక్కనీకె రెండు దినాలు పట్టిందని."

ఆమెను తీసుకుపోతానన్నాను. డోలీ కట్టించి అయినా ఎక్కిస్తానన్నాను. తిథి చూసుకుని, వారం రోజులు ఉండేలా పోదామన్నాను. ఆమె దారం కొరికి తెంపింది.

"అమ్మకు అప్పుడు ఏం చెప్పినవే?" అని అడిగాను. అన్నేళ్ళు అడగని మాట అది.

"ఏం చెప్త? నువ్వు చెప్పిందే చెప్పిన. బాట లేదమ్మా, నీళ్ళే ఉన్నయన్న. నేను ఒక్కదాన్నే చూసొస్తే నాయన దిక్కే మాట్లాడుదును. కాని నువ్వు చదువుకున్నోనివి, నువ్వే లేదన్నవు గదా అని నమ్మిన. అమ్మ రెండోపాలి అడిగింది, మంచిగ చూసినవా బిడ్డా అని. ఆఖరికి పానం పోయే ముందు కూడ అడిగింది. మంచిగ చూసిన, లేదన్న. ఇగ గోడ దిక్కు మర్లింది."

చుట్టిన బీడీని కట్టలో పెట్టి, తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"ఉన్నదంటున్నవు. లోపల ఎక్కడ్నో నాకైతే ఎరుకనే ఉండె. ఇప్పుడు పోయి ఎవలకు చెప్పుమంటవు?"